కర్రపెండలం, ఒట్టి నీళ్ళు

లేకపోవడం వేలందా ఊరివాళ్ళకి కొత్త కాదు. లేనట్టు కనిపించడమే వాళ్ళకి చేతకాని పని. ఆ చేతకాని పనిని ఒక్క పూట, ఒకే ఒక్క పూట, ఎలాగోలా చేసి గట్టెక్కాలని ఊరంతా మాలో అనే ఆయన ఇంటి వెదురు అరుగు మీద కూర్చుని తీర్మానించుకుంది.

మాలో ఆ ఊరికి పెద్ద. ఊరంటే మరీ ఊరేం కాదు, ఏటికి ఇవతల గుట్ట మీద గడ్డి కప్పుల ఇళ్ళు కొన్ని. కబురు మోసుకొచ్చిన దొమింగుస్ మాలో చెల్లెలి కొడుకు. పట్నంలో జిల్లా ఆఫీసులో గుమాస్తా. చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని తిరుగుతాడు కాబట్టి వాడి మాటకి కాస్త విలువ.

“జకార్తా నుంచి ఆఫీసరొస్తున్నాడు మామా. మన వెనకబాటు శాఖ నుంచే,” అన్నాడు.

వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధి మంత్రిత్వ శాఖ అని దాని అసలు పేరు. అంత పేరు నోట్లో పట్టక సుంబా దీవిలో మా వాళ్ళంతా వెనకబాటు శాఖ అనే అనేవాళ్ళు. ఆ శాఖ చేతి చలవ వేలందాకి అంతకు ముందే ఒకసారి తగిలింది. ఊరి మొదట్లో సిమెంటు నీళ్ళ తొట్టి కట్టించి, దాని మీద నీలం రంగుతో తన ముద్ర వేయించుకుంది. తొట్టి వచ్చింది, ముద్ర వచ్చింది, నీళ్ళు మాత్రం రాలేదు. ఇప్పుడందులో బిరి అవ్వ కోళ్ళు గుడ్లు పెడతాయి.

“ఈసారి తొట్టి కాదవ్వా, వంతెన,” అన్నాడు దొమింగుస్, అవ్వ నోరు తెరవకముందే. “ఏటి మీద వేలాడే వంతెన. ఉక్కు తాళ్ళు పట్నం గోదాములో దిగాయి. ఒక్కో తాడు నా చెయ్యంత లావుంది.”

“నీ చెయ్యి ఏపాటిదిరా, చీపురుపుల్ల! నువ్వు నమ్మకం కలిగేలా చెప్పు,” అంది బిరి అవ్వ.

“ఒక్కటే మెలిక. ఊరు ఇంకా వెనకబడే ఉందా, ముందుకొచ్చేసిందా అని ఆ ఆఫీసరు కళ్ళారా చూసి వెళ్ళాలి. వెనకబడే ఉంటే వంతెన మనది. ముందుకొచ్చిందని రాశాడా, తాళ్ళు ఇంకో ఊరికి పోతాయి.”

“ముందుకు రావాలంటే ఏరు దాటాలి కదరా? దాటడానికి వంతెన ఉండాలి కదరా? మీ శాఖలో తలకాయలున్నవాళ్ళు ఎవరూ లేరా?”

అరుగంతా గొల్లుమంది. నవ్వని మనిషి ఒక్కతే, మాలో చిన్న చెల్లెలు కోని. ముందటేడు వానల్లో ఆమె పెద్ద కూతురు లెదా నొప్పులు పడుతూ ఆ ఏటి ఒడ్డునే పోయింది. అవతలి ఒడ్డు నుంచి ఆసుపత్రికి బండి మీద అరగంట దారి. ఇవతలి ఒడ్డు నుంచి వరద తగ్గేదాకా దారే లేదు. రెండో కూతురు పేరు విని. ఇప్పుడు దానికి నెలలు నడుస్తున్నాయి. మొగుడు బాలిలో కట్టడం కూలికి పోయాడు. పురుడు సరిగ్గా వానల నడిమధ్యలో పడుతుంది. కోనికి వంతెనంటే ఉక్కు కాదు, చెక్క కాదు, కూతురు.

“అయితే నేను చెప్తాను, అందరూ వినండి,” అంది కోని. “పంది వద్దు, కోడి వద్దు, బియ్యం వద్దు. పెట్టెల్లోంచి నేత గుడ్డలు బయటికి తియ్యొద్దు. కర్రపెండలం ఉడకేద్దాం. ఒట్టి నీళ్ళిద్దాం. మనం రోజూ తినేదదే కదా, అబద్ధమేం కాదు.”

ఆడది నలుగురిలో అనకూడని మాటేదో అనేసినట్టు అందరూ మొహాలు తిప్పుకున్నారు.

“అతిథికి కర్రపెండలమా?” అన్నాడు మాలో.

“అతిథి కాదన్నా. లెక్క చూసుకుపోయేవాడు.”

“గడపెక్కితే అతిథే.”

“ఎక్కనివ్వకు. బయట చింతచెట్టు కింద బల్ల వెయ్యి. నా బిడ్డనొకదాన్ని ఆ ఒడ్డున పడుకోబెట్టి చూశాను. రెండోదాన్ని కూడా పడుకోబెట్టమంటావా, నీ మర్యాద కోసం?”

మాలో చాలాసేపు వేళ్ళు విరుచుకున్నాడు. ఆఖరికి సరేనన్నాడు. అందరూ సరేనన్నారు. జకార్తా నుంచి వచ్చేవాడు ముస్లిం అయి ఉంటాడు, పంది ముట్టడు, కాబట్టి పంది కొయ్యలేదన్న సిగ్గు కూడా ఉండదని ఎవరో అంటే మాలో మొహం కాస్త తేటపడింది. తాంబూలం మాత్రం ఇవ్వాల్సిందేనని బిరి అవ్వ పట్టుబట్టింది. మా దగ్గర వచ్చిన మనిషికి వక్క బుట్ట జరపకపోతే కత్తి దూసినట్టే లెక్క. తాంబూలంతో ఊరు ధనవంతం అయిపోదు కదా అని కోని కూడా ఒప్పుకుంది. ఆ ఒక్క సందు వదిలింది. అదే కొంప ముంచింది.

ఆఫీసరొచ్చే రోజు పొద్దున ఊరు చూడాలి. పందుల్ని గుట్ట వెనక్కి తోలుకుపోయారు. అవి అరుస్తుంటే పిల్లలు వాటి నోళ్ళు మూయడానికి వెంటపడ్డారు. చినిగిన బట్టలు వేసుకోమని మాలో చాటింపు వేస్తే, వేరే ఎక్కడున్నాయి మామా అని కుర్రకారు పకపకలాడారు. ఇళ్ళ ముందు వరుసగా వేలాడే దున్నపోతు కొమ్ముల్ని దింపమంటే మాత్రం బిరి అవ్వ వినలేదు.

“మా ఆయన చావుకి కోసిన దున్నల కొమ్ములవి. అవి దించితే పైన ఆయన మొహం ఎవరికి చూపిస్తాడు? మీ శాఖ వచ్చి కొత్త మొహం ఇస్తుందా?”

కొమ్ములు ఉండిపోయాయి. కోని పొయ్యి మీద కర్రపెండలం కుండ పెట్టింది. విని గడపలో కూర్చుని, పొట్ట మీద చేతులేసుకుని తల్లిని చూస్తోంది. “అమ్మా, వంతెన కడితే దాని మీద నేను మొదట నడుస్తానని మామకి చెప్పు,” అంది. “నువ్వు కాదు, నీ బిడ్డ నడవాలి,” అంది కోని.

మధ్యాహ్నం దాటాక ఆఫీసరు వచ్చాడు. ఎట్లా వచ్చాడంటే, నడుం దాకా తడిసి, ఒక కాలికి చెప్పు లేకుండా వచ్చాడు. ఏరు దాటుతుంటే పాచిరాయి మీద జారాడట. మోకాలు కొట్టుకుపోయి నెత్తురు కారుతోంది. వెనకే దొమింగుస్ ఆయన సంచిని నెత్తిన పెట్టుకుని వచ్చాడు. కళ్ళద్దాలు, నెరుస్తున్న జుట్టు, అలసిన మొహం. పేరు సహాలా అన్నాడు. ఏరు ఎంత పాడుదో ఇతనికి ఇక ఎవరూ చెప్పక్కర్లేదని కోని లోపల్లోపల సంతోషించింది. ఆ క్షణంలో వంతెన తమదేనని అనుకుంది.

చింతచెట్టు కింద బల్ల మీద కూర్చోబెట్టారు. మాలో వక్క బుట్ట ముందుకు జరిపాడు. పట్నం నుంచి వచ్చే ఆఫీసర్లు మామూలుగా ఆ బుట్టని వేలితో ముట్టి, నవ్వి, పక్కకి నెట్టేస్తారు. అట్లా నెట్టేసే మనిషికి కర్రపెండలం పెట్టడం ఎంత తేలికో! ఈ మనిషి నెట్టలేదు. వక్క తీసుకుని, సున్నం అద్దుకుని, నోట్లో వేసుకుని బుగ్గన పెట్టి నమిలాడు. చెయ్యి తిరిగినవాడిలా పక్కకి తిరిగి ఎర్రగా ఉమ్మేశాడు.

“మా నాయనమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నానమ్మా. నేను బతాక్ వాణ్ణి, కొండల వాణ్ణే. చర్చి పెళ్ళిలోనైనా పంది, వక్క లేకపోతే మాకు పెళ్ళే కాదు,” అన్నాడు నవ్వుతూ.

మాలో దొమింగుస్ వైపు చూశాడు. దొమింగుస్ నేల వైపు చూశాడు.

అప్పుడు సహాలా కోని వైపు తిరిగి, “ఆకలి దంచేస్తోందమ్మా. నాకోసం ఏమీ పెట్టుకోవద్దు. మీరు తినేదేదో అదే కాస్త పెట్టండి చాలు,” అన్నాడు.

గద్దించి అడిగి ఉంటే కోని గుండె రాయి చేసుకునేది. ఇంతేనా మీరు పెట్టేదని ఒక్క మాట తూలి ఉంటే కర్రపెండలం మొహాన కొట్టినట్టు పెట్టి, కడుపు చల్లగా పడుకునేది. ఏమీ వద్దన్న మనిషికి, ఏరు దాటి నెత్తురు కార్చుకుంటూ వచ్చిన మనిషికి, అమ్మా అని పిలిచి వక్క నమిలిన మనిషికి ఏమీ పెట్టకుండా ఎట్లా పంపాలి? ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళింది. కుండ మూత మీద చెయ్యి వేసింది. తియ్యలేకపోయింది.

విని వెనకే వచ్చి నిలబడింది. “అమ్మా, ఏంటాలోచన? పెట్టు.”

“పెడతాను.”

“పెట్టడం లేదు నువ్వు. అమ్మా, మనం అనుకున్నదేంటి?”

“అనుకున్నామే. అనుకున్నప్పుడు మనిషి రాలేదు. ఇప్పుడు వచ్చాడు,” అంది కోని. బయటికి వెళ్ళి అన్న చెవిలో, “నా పందిని తోలుకురమ్మను,” అంది.

మాలో నమ్మలేనట్టు చూశాడు. “నువ్వేనా ఈ మాట అనేది? అది మన విని పురుడికని పెంచుకున్న పంది కదే!”

“తెలుసు.”

“పోనీ కోడి కోద్దాం.”

“పంది ఉండగా దాచి కోడి కోశారంటారు. చచ్చేదాకా మనకి ఆ మాట ఉంటుంది. తోలుకురమ్మను అన్నా.”

ఒక ఇంట్లో పంది అరిచాక ఇంకో ఇంటివాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుంటారా? బిరి అవ్వ తొట్టిలోంచి గుడ్లు తెచ్చింది. ఇంకెవరో దాచుకున్న విత్తనపు బియ్యం దంచారు. ఇంకెవరో పట్నం నుంచి తెచ్చుకున్న చక్కెర పొట్లం విప్పారు. పొద్దుటి దాకా ఎండిపోయినట్టున్న ఊరు గంటలో పెళ్ళివారిల్లు అయిపోయింది. నవ్వులు, పొగ, వేగుతున్న కొవ్వు వాసన. అయినవాళ్ళంతా బాధ్యత దిగిపోయినట్టు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. పంది కార్జం చేతిలో పెట్టుకుని మాలో అటూ ఇటూ తిప్పి శకునం చూసి, “దారి బాగుంది,” అన్నాడు. విని మారు మాట్లాడకుండా కాఫీ కలిపింది. అతిథి కాఫీలో చక్కెర ఎక్కువ వెయ్యాలని తల్లి నేర్పిన అలవాటే, నాలుగు చెంచాలు వేసింది.

సహాలా ఆవురావురుమని తిన్నాడు. తింటూ చుట్టూ చూశాడు. కొమ్ముల వరుసలు చూశాడు. ఒక్కో కొమ్ము జత వెనక ఎన్నేళ్ళ రెక్కల కష్టం కరిగిపోయిందో కొమ్ము చెప్పదు కదా. “ఎన్ని దున్నలున్నాయి మీకు!” అన్నాడు మెచ్చుకోలుగా. ఒకటీ లేదని చెప్పడానికి మాలోకి నోరు రాలేదు. “ఏదో, ఉన్నంతలో,” అన్నాడు. మా మర్యాద భాషలో ఆ మాటకి చాలా ఉందని అర్థం.

ఆఖరికి ఫోటోలన్నాడు ఆఫీసరు. ఊరి ఫోటోలు తియ్యాలట, శాఖ అడుగుతుందట. ఫోటో అనే మాట చెవిన పడగానే చింతచెట్టు కింద ఒక్క మనిషి మిగల్లేదు. పెట్టెలు తెరుచుకున్న చప్పుడు. నీలిమందు గుడ్డలు, ఎర్రగుడ్డలు, తలపాగాలు, ముత్తవ్వల నాటి దంతపు గాజులు. జీవితంలో మనిషికి మిగిలే ఫోటో ఒకటో రెండో. దాంట్లో చిరుగులతో నిలబడమని ఏ శాఖ చెప్పినా మా వాళ్ళు వినరు. కోని కూడా కట్టుకుంది. వినికి తనే కట్టింది. అందరూ వరుసగా నిలబడి, మాంసం కొవ్వుతో మెరిసే పెదాలతో, పళ్ళన్నీ కనబడేలా నవ్వారు.

పంది పెట్టాక గుడ్డ పెట్టకపోతే పెట్టింది పెట్టినట్టు కాదు. కోని పెట్టెలో కొత్త గుడ్డ ఒక్కటే ఉంది. వినికి కడుపని తెలిసిన రోజు మగ్గమెక్కించింది. బిడ్డ పుట్టాక చంకనేసి కట్టుకోవడానికని, అంచులో గుర్రాలు పెట్టి నేసింది. దాన్ని తీసుకొచ్చి సహాలా భుజం మీద వేసింది. ఆయన కళ్ళు చెమర్చాయి. మంచివాడే. చెడ్డవాడైతే ఈ కథే లేదు.

వెళ్ళేటప్పుడు విని ముందుకొచ్చి అడిగింది. ఆ ఊళ్ళో ఆ రోజు అడగాల్సిన మాట అడిగింది అదొక్కతే. “సారూ, వంతెన వస్తుందా?”

“నా చేతిలో ఉన్నంతా చేస్తానమ్మా. ఇక్కడ నేను చూసిందంతా ఒక్కటి వదలకుండా రాస్తాను,” అన్నాడు సహాలా, దేవుడి మీద ఒట్టేసినంత గట్టిగా.

మాట నిలబెట్టుకున్నాడు. చూసిందంతా రాశాడు.

ఎండాకాలం ఇంకా పోకముందే దొమింగుస్ వచ్చాడు. అరుగు ఎక్కకుండా కిందనే నిలబడ్డాడు. చేతిలో అట్టపెట్టె ఉంది. వేలందా ముందుకొచ్చిన ఊరయిందట. జిల్లాలో అట్లాంటి ఊళ్ళకి శాఖవారు బహుమతి పంపారట. మాలో పెట్టె విప్పాడు. గోడ గడియారం. అద్దం మీద శాఖ నీలం ముద్ర. బ్యాటరీ లేదు.

“మరి ఉక్కు తాళ్ళు?” అంది కోని.

“లారీ ఎక్కించేశారు పిన్నీ. తూర్పున ఇంకో ఊరికి.”

“నువ్వు కూడా ఉన్నావు కదరా పక్కన! మా ఇంట్లో ఆ పందొక్కటేనని, ఆ కొమ్ములు చచ్చినోళ్ళవని ఒక్క మాట చెప్పలేకపోయావా దారిలో?”

దొమింగుస్ ఖాళీ అట్టపెట్టె చేతిలోకి తీసుకున్నాడు. “ఏరు దాటేటప్పుడు నోటిదాకా వచ్చింది. మా వాళ్ళ దగ్గర ఏమీ లేదు సార్, మీరు చూసిందంతా నిజం కాదు అని. కానీ పిన్నీ, అదే నోటితో అప్పుడే తిని వచ్చాను. పళ్ళ సందుల్లో మాంసం ఇంకా ఉంది. ఆ నోటితో మనవాళ్ళు దరిద్రులని ఎట్లా అనను?”

కోని వాణ్ణి తిట్టాలనుకుంది. కానీ వాడి చోట తనున్నా అనేది కాదు. గడియారాన్ని బిరి అవ్వ తీసుకుపోయి తొట్టిలో కోళ్ళ దగ్గర పెట్టింది. “మీ ముద్ర మీ దగ్గరే ఉంచుకోండి,” అంది శాఖతో మాట్లాడుతున్నట్టు.

అయినా కోని ఊరుకోలేదు. అన్నని వెంటేసుకుని పట్నం వెళ్ళింది. జిల్లా ఆఫీసు బయట పొద్దుగూకేదాకా నిలబడింది. తప్పయింది, ఆ రోజు పెట్టినవే మాకున్న ఆఖరివి, మళ్ళీ ఒకసారి వచ్చి చూడండి, ఈసారి ఏమీ పెట్టం అని చెప్పింది. బల్ల వెనక కూర్చున్నాయన అంతా విని తల గోక్కున్నాడు. కొత్త ప్రభుత్వం వచ్చిందన్నాడు. ఆ మంత్రిత్వ శాఖనే తీసేశారన్నాడు. సగం ఒక శాఖలో, సగం ఇంకో శాఖలో కలిపేశారట. పేరు మారింది, మనుషులు మారారు, వెనుకబడిన ఊళ్ళ సంగతి ఇప్పుడెవరు చూడాలో జకార్తాలోనే ఇంకా తేలలేదట.

“శాఖ పోతే పోనీ బాబూ. మా ఏరు పోలేదు కదా?” అంది కోని.

ఆయన పాపం మంచిగానే నవ్వాడు. చేసేదేం లేనప్పుడు మనుషులు నవ్వినట్టు. తిరిగొస్తూ కోని ఆ బోర్డు చూసింది. శాఖ పేరు మీద సున్నం కొట్టారు. కింద అక్షరాలు ఇంకా లీలగా కనిపిస్తున్నాయి. ఊరిని వెనకబడిందని ఒప్పుకునేవాళ్ళే ఇక లేరు, వెనకబాటు మాత్రం ఎక్కడికీ పోలేదు అనుకుంది.

వానలు ఆ ఏడు పట్టుదలగా వచ్చాయి. వినికి నొప్పులు తెల్లారేసరికి మొదలయ్యాయి. బిరి అవ్వ నూనె రాసి పొట్ట తడిమి, చెయ్యి తీసేసి, కోని మొహంలోకి చూడకుండా, “అడ్డం తిరిగింది. నా చేతిలో లేదు. దాటించండి,” అంది.

వెదురు బొంగుకి గుడ్డ కట్టి, అందులో వినిని పడుకోబెట్టి నలుగురు మోశారు. బురదలో జారుతూ, లేస్తూ ఒడ్డుకి దిగారు. ఏరు గట్టు తన్నుకుని పోతోంది. చెట్లు దొర్లుకుపోతున్నాయి. అవతల ఒడ్డున దొమింగుస్ బండి తెచ్చి నిలబెట్టాడు. అవతలి గట్టు వాళ్ళకి సైగలు చేసి ఎవరో కబురందించారు. వాడు చేతులు ఊపుతూ అరుస్తున్నాడు. నీళ్ళ హోరులో నోరు కదలడం కనిపిస్తోంది, మాట వినబడడం లేదు. బండి తలుపు తెరిచే ఉంది. లోపల పరిచిన దుప్పటి కూడా కనిపిస్తోంది. అంత దగ్గర.

మాలో తాడు నడుముకి కట్టుకుని దిగాడు. నాలుగు అడుగులు వెయ్యకముందే ఏరు ఆయన్ని ఎత్తి కొట్టింది. లాగి ఒడ్డున పడేశారు. ఆయన అట్లాగే బోర్లా పడుకుని మట్టిని పిడికిళ్ళతో కొడుతూ ఏడ్చాడు. తగ్గుతుందేమోనని కూర్చున్నారు. తగ్గలేదు.

మధ్యాహ్నానికి విని అరవడం మానేసింది. తల్లి ఒళ్ళో తల పెట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ పడుకుంది.

“అమ్మా.”

“ఏమ్మా.”

“ఆ రోజు కాఫీలో నాలుగు చెంచాలు వేశాను. రెండు వేస్తే సరిపోయేదేమో.”

కోని గుండె అక్కడే పగిలింది. తర్వాత జరిగిందంతా పగిలిన దాని మీదే జరిగింది. “నువ్వేం చేశావే నా తల్లీ. పంది నాది. గుడ్డ నాది. నువ్వేం చెయ్యలేదు,” అంది. విని విన్నదో లేదో తెలియదు. సాయంత్రం కాకముందే తల్లీబిడ్డా ఇద్దరూ పోయారు. అవతలి ఒడ్డున దొమింగుస్ అది చూశాడు. బండి తలుపు మూసి, బురదలో కూలబడ్డాడు.

చావు ఇంటి పద్ధతులు ఏడుపు కోసం ఆగవు. వచ్చిన చుట్టాలకి పెట్టాలి. కోని చివరి కోడి దాకా పెట్టింది. ఇంట్లో మిగిలిన ముసలి గుర్రం కూడా ఆ పద్ధతులకే పోయింది. తన పెట్టెలోని పాత గుడ్డలన్నీ శవం మీద కప్పింది, పెట్టె అడుగు కనిపించింది. అంచులో గుర్రాలున్న గుడ్డ ఒక్కటి ఉంటే ఆ బిడ్డకి విడిగా చుట్టేది. అది జకార్తాలో ఉంది. బిడ్డని బిరి అవ్వ పైగుడ్డలో చుట్టారు.

మళ్ళీ ఎండలు వచ్చి ఏరు మోకాలి లోతుకి దిగాక ఒక మనిషి ఒంటరిగా దాటి వచ్చాడు. కోని అరుగు మీద కూర్చుని ఉంది. దగ్గరికొచ్చేదాకా పోల్చుకోలేదు. జుట్టు ఇంకా నెరిసింది. సహాలా.

దొమింగుస్ చెప్పాడన్నాడు. అరుగు కిందే నిలబడ్డాడు. తన శాఖ పోయాక తననెక్కడో ఒక గదిలో కూర్చోబెట్టారని, ఆ గదిలో పని లేదని, తను ఇప్పుడు ఏ కాగితం మీద ఏం రాసినా ఎవరూ చదవరని అడక్కుండానే చెప్పాడు. సంచిలోంచి గుడ్డ తీశాడు. మడత నలగలేదు.

“ఇది మీ దగ్గరే ఉండాలమ్మా.”

కోని దాన్ని చూసింది. గుర్రాల్ని వేలితో ఒకసారి తాకింది. “ఇచ్చింది మళ్ళీ తీసుకోం నాయనా. చుట్టడానికి మాకిప్పుడెవరున్నారు?” అంది. “పైకి రా. గడప ఎక్కు.”

ఆయన ఎక్కి కూర్చున్నాడు. కోని వక్క బుట్ట జరిపింది. బుట్టలో వక్కలున్నాయి, సున్నం అడుగంటింది. ఆయన తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. కోని లోపలికి వెళ్ళి పొయ్యి రాజేసింది. ఇల్లంతా చూసింది, అలవాటు కొద్దీ. చూడ్డానికేం లేదు. కుండ పెట్టింది.

ఆమె తెచ్చి పెట్టింది. కొబ్బరిచిప్పలో ఉడకేసిన కర్రపెండలం రెండు ముక్కలు, ముంతలో నీళ్ళు. అప్పుడెప్పుడో ఊరంతా కూర్చుని, అన్నని ఒప్పించి, పెట్టాలని తీర్మానించుకున్నది అక్షరాలా ఇదే. పెట్టేటప్పుడు సిగ్గుతో పైట మొహానికి అడ్డం పెట్టుకుంది.

“ఏమనుకోకు నాయనా. ఇంట్లో ఇంకేం లేదు.”

సహాలా ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాడు. ముంతెత్తి నీళ్ళతో మింగాడు. కన్నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోలేదు.

“ఆ రోజు నాకు ఇదే పెట్టి ఉంటే, అమ్మా... ఒక్క ముక్క ఇదే పెట్టి ఉంటే...”

కోని ఆశ్చర్యంగా ఆయన వైపు చూసింది. ఇంత చదివినవాడికి ఇది ఎందుకర్థం కాలేదో ఆమెకి నిజంగానే తెలియలేదు.

“ఆ రోజు ఉంది కదా నాయనా. ఉన్నప్పుడు లేదని ఎట్లా అంటాం?”

ముంతలో నీళ్ళు సగానికి వచ్చాయని చూసి, నింపుకురావడానికి లేచింది.